ఈల వేశాక పట్టుకోకూడదు

ఎదురుగా ఉన్నప్పుడు నానమ్మగారూ అని పిలిచినా, వెనకాల మాత్రం వీధిలో అందరూ ఆమెను సొల్యూషనమ్మ అనేవాళ్ళు. పంచరు అతుకు వెయ్యడానికి ట్యూబు మీద రాసే సొల్యూషన్ ఒకసారి అంటుకుంటే ఎలా ఊడదో, ఆమె చేతికి చిక్కింది కూడా అలాగే ఊడదని ఆ పేరు. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు వెళ్ళొస్తామని చెప్పాలంటే బస్సుకు చాలా ముందే మొదలుపెట్టాలి. గుమ్మం దగ్గర ఒకసారి, మెట్ల మీద ఒకసారి, వీధి మలుపులో ఒకసారి ఆమె వాళ్ళ చెయ్యి పట్టుకునేది. మందులు పెట్టుకున్నారా, కిటికీ పక్కన కూర్చోకండి, కూర్చున్నా చెయ్యి బయట పెట్టకండి, దిగగానే ఫోన్ చెయ్యండి, చెయ్యకపోతే నేనిక్కడ ఏమనుకోవాలి. ఒక పెద్దాయనైతే ఆ చెయ్యి విడిపించుకోలేక మర్నాటి బస్సుకు వెళ్ళాడు.

అలాంటి మనిషి చేతిలో ఆ ఇంటివాళ్ళు వదిలే పని పెట్టారు.

వాళ్ళది సైకిలు షాపు. కింద షాపు, పైన కాపురం. కింద చూరు నిండా టైర్లు వేలాడుతుండేవి, గోడన రింగులు, మూల పంచరు వెతికే నీళ్ళ తొట్టి. మెట్లెక్కి పైకి వెళ్ళినా చైను నూనె వాసన వెంట వచ్చేది. ఆ ఇంట్లో మూడు తరాలుగా పందెం సాగుతోందని విన్నవాళ్ళు గాలికంటే ముందు దూసుకుపోయే సైకిళ్ళను ఊహించుకునేవాళ్ళు. తీరా చూస్తే అది నిదానం సైకిలు పందెం. అందరికంటే చివర వచ్చినవాడిదే గెలుపు. కాలు నేలకు ఆనితే ఔటు. పక్కనున్న సున్నం గీత దాటితే ఔటు.

నానమ్మ మామగారికీ, ఎదురింటి దర్జీ వాళ్ళ పెద్దాయనకీ మాటా మాటా పెరిగి మొదలైన పందెం అది. "నువ్వు బాగుచేసిన సైకిలు పరుగెత్తదయ్యా" అన్నాడట ఆయన. "పరుగెత్తడానికేముంది, మెట్ల మీంచి తోస్తే గుమ్మడికాయైనా పరుగెత్తుతుంది. నిలబెట్టి చూపించు, చూద్దాం" అన్నాడట మామగారు. అప్పటినుంచి ఏటా వానలు వెలిశాక వచ్చే మొదటి ఆదివారం ఆ వీధిలో సున్నం గీతలు గీసి పందెం పెట్టేవాళ్ళు. కప్పు సైకిలు షాపు అద్దాల బీరువాలోనే ఉండేది. ఒక్క ఏడు మాత్రం దర్జీ షాపుకు వెళ్ళింది. ఆ ఏటి సంగతి ఆ ఇంట్లో వరద వచ్చిన ఏటి సంగతిలా గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు.

నానమ్మ భర్త ఆ పందెంలో ఆరితేరిన మనిషి. పెళ్ళి మాటలకు రమ్మంటే మధ్యాహ్నం బయల్దేరి దీపాలు పెట్టేవేళకు వచ్చాడు, అదీ పక్క వీధి నుంచి. కొడుకూ తక్కువవాడేం కాదు. అతను పందెంలో ఉంటే చూసేవాళ్ళు ఇంటికెళ్ళి టీ తాగి వచ్చినా ఏమీ పోయేది కాదు.

ఈ పందెంలో తొక్కేవాళ్ళ వెనక ఇంకో మనిషి కావాలి. రెండు కాళ్ళూ పెడల్స్ మీద పెట్టుకుని ఈల కోసం కూర్చున్నవాణ్ణి సైకిలు పడకుండా కారియర్ పట్టుకుని నిలబెట్టాలి. ఈల వెయ్యగానే వదలాలి. విసురుగా వదిలితే సైకిలు ముందుకు ఉరుకుతుంది, వంకరగా వదిలితే గీత దాటుతుంది. సైకిలు షాపులో ఈ పని ఇంటి ఇల్లాలిది. మామగారికి అత్తగారు పట్టుకునేది, అత్తగారి తరవాత నానమ్మ పట్టుకుంది, ముందు భర్తకు, తరవాత కొడుక్కి.

"పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారే. నీ పనితనమంతా వదలడంలో తెలియాలి" అని అత్తగారు మొదటిరోజే చెప్పింది.

నానమ్మ పట్టుకోవడం బాగా నేర్చుకుంది. రెండోది మాత్రం ఆమెకు పట్టుబడలేదు. ఈల వేశాక కూడా ఆమె వేళ్ళు కారియర్ మీద ఇంకాస్త ఉండిపోయేవి. ఆ కాస్తలో ఆమె మనసులో చాలా జరిగిపోయేవి. ముందు చక్రం రాయెక్కితే, పక్కవాడు మీద పడితే, తల అరుగుకు తగిలితే. భర్త పోయిన రోజు ఆసుపత్రిలో కూడా ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. నర్సు వచ్చి మెల్లగా చెప్పింది, మళ్ళీ వచ్చి చెప్పింది, చివరికి తనూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

ఇన్నేళ్ళూ పందెంలో ఈల వేసి తీర్పు చెప్పే పెద్దమనిషిగా వీధి మంగలి ఉండేవాడు. ఆయనకు చూపు మందం, నానమ్మంటే గౌరవం. ఆయన తప్పుకున్నాక బడి ఆటల మాస్టారు ఆ బాధ్యత తీసుకున్నాడు. ఆయనకు చూపూ బాగుండేది, రూలూ కావాలి. దర్జీ వెళ్ళి ఆయన దగ్గర కూర్చున్నాడు.

"పిన్నిగారంటే నాకు అమ్మలాంటిది మాస్టారూ. ఆవిడ మీద చాడీ చెప్పడానికి నోరు రావట్లేదు" అని మొదలుపెట్టి టీ అయిపోయేదాకా చెప్పాడు.

మర్నాడు మాస్టారు సైకిలు షాపుకు వచ్చాడు. "నానమ్మగారూ, ఈసారి ఈల వేశాక ఎవరి చెయ్యి కారియర్ మీద కనబడినా ఆ సైకిలు ఔటు. మీ ఒక్కరికే కాదు, అందరికీ చెబుతున్నాను."

"అందరికీ చెబుతున్నారా బాబూ?"

"మీతో మొదలుపెట్టాను."

సరిగ్గా ఆ ఏడే కొడుకు షాపులో టైరు దింపబోయి స్టూలు మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఇంట్లో తొక్కాల్సింది ఇక మనవరాలే. ఆ పిల్లను అందరూ తొందర అని పిలిచేవాళ్ళు. నిదానం తప్ప ఇంకేమీ ఎరగని ఇంట్లో ఆ పిల్ల ఎలా పుట్టిందో ఎవరికీ అర్థం కాలేదు. నెలలు నిండకుండానే పుట్టింది. స్నానం చేసి వస్తే సగం తడిగానే ఉండేది. పైగా ఇప్పుడు దూరంగా ఇంకో ఊళ్ళో అంబులెన్సు నడిపే ఉద్యోగం తెచ్చుకుంది. పందెం రోజు సాయంత్రమే బస్సు.

"మూడు తరాల పరువు అంబులెన్సు ఎక్కించేశావు కదే" అన్నాడు తండ్రి, కట్టు కట్టిన కాలు బల్ల మీద పెట్టుకుని.

"మీ నాన్న పద్ధతిలో నడిపితే లోపలున్నవాడు దిగి నడిచి వెళ్ళిపోతాడు నాన్నా" అంది తొందర.

నానమ్మ నవ్వలేదు. ఆ పిల్ల ఆ ఇంటి తరఫున తొక్కే మొదటి పందెం ఇది, ఉద్యోగానికి వెళ్ళాక మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు. అది తన చేతివల్ల ఔటు కాకూడదు. ఆమె రాత్రీ పగలూ ఆ ఒక్కటే అనుకుంది. తన వేళ్ళ వంక చూసుకుంటే మాత్రం నమ్మకం కలగలేదు. చిన్నప్పుడు తొందరకు సైకిలు నేర్పింది ఆమే. కారియర్ పట్టుకుని వెనకాల పరుగెత్తేది. "నానమ్మా, వదల్లేదు కదా?" అని పిల్ల ముందుకు చూస్తూనే అరిచేది. "వదల్లేదమ్మా, పట్టుకునే ఉన్నా" అని ఈమె రొప్పుతూ చెప్పేది. అలా వానాకాలం పోయి చలికాలం వచ్చింది. పిల్లకు సైకిలు రాలేదు గాని నానమ్మకు పరుగు వచ్చింది. చివరికి కొడుకు చూసి, తల్లిని లోపల కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టాక, పిల్ల ఒక్క పూటలో నేర్చుకుంది.

"అలవాటు చేయిస్తే అదే వస్తుంది" అంది కోడలు. ఆమె బజారుకెళ్ళి ఒక ఈల కొనుక్కొచ్చింది. "అత్తయ్యా, నేను ఎప్పుడు ఈల వేస్తే అప్పుడు చేతిలో ఏముంటే అది వదిలెయ్యాలి. ఆలోచించకూడదు."

అత్తగారి మీద ఈల వేసే యోగం ఏ కోడలికీ మళ్ళీ మళ్ళీ రాదు. ఆమె ఆ పని మనసు పెట్టి చేసింది. ముందు చీపురుతో మొదలుపెట్టారు. తరవాత తువ్వాలు, దువ్వెన, దిండు. మొదట్లో ఈల వేశాక నానమ్మ వేళ్ళు ఒకటొకటిగా ఆలోచించుకుని విడేవి. వారం తిరిగేసరికి రెండు చేతులూ ఒకేసారి తెరుచుకునేవి. ఆ పైన ఆ అలవాటు ఆగకుండా పోయింది. కుక్కర్ కూత పెడితే చేతిలో పళ్ళెం కింద పడేది. కూడలిలో పోలీసు ఈల వేస్తే కూరల సంచి వదిలేసేది, టమాటాలు కార్ల కిందకు దొర్లేవి. ఒకరోజు షాపులో ఎవరో ఈల వేస్తూ పాట పాడుకుంటుంటే కొడుక్కి అందిస్తున్న స్పానరు అతని మంచి కాలు మీద పడింది.

"అమ్మా, ఉన్నది ఇదొక్కటే" అన్నాడతను.

వీధి వీధంతా ఈ సంగతి తెలిసిపోయింది. దర్జీ షాపులో కత్తెరలు ఆపి మరీ నవ్వుకున్నారు.

తొందరకు మాత్రం నిదానం రాలేదు. సైకిలు కదలకుండా నిలపాలంటే ముందు చక్రం కొద్దిగా తిప్పి, బ్రేకు మీద వేళ్ళుంచి, పెడల్ మీద పాదంతో నొక్కీ నొక్కనట్టు నొక్కుతూ ఉండాలి. తండ్రి బల్ల మీంచి చెబుతూనే ఉన్నాడు. వెనక నానమ్మ పట్టుకున్నంతసేపూ ఆ పిల్ల రాయిలా కూర్చునేది. ఆమె వదిలిందని తెలిసిన మరుక్షణం భుజాలు బిగించి పెడల్ తొక్కేసేది.

"ఎందుకే ఆ కంగారు?"

"వదిలేశాక ఇంకేం చెయ్యాలి నాన్నా, పోవడమే కదా."

పందెం రోజు వీధి మధ్యలో సున్నం గీతలు తెల్లగా మెరిశాయి. అరుగుల మీద, మేడల మీద జనం. అటు చివర ముగింపు గీత. ఈసారి పందెంలో నలుగురు. పాలబూత్ అతనూ, పోస్ట్‌మానూ సరదాకి. అసలు పోటీ దర్జీ కొడుకుతో. అతను పొడుగు మనిషి, కాళ్ళు మడిచి సైకిలు మీద కూర్చుంటే గొంగళిపురుగు కర్రెక్కినట్టుండేవాడు. కానీ గట్టివాడు. అతని వెనక కారియర్ పట్టుకుని దర్జీ నిలబడ్డాడు, మెడలో టేపు కూడా తియ్యలేదు.

నానమ్మ పాత నల్ల సైకిలు కారియర్ రెండు చేతులా పట్టుకుంది. తొందర ఎక్కి కూర్చుని కాళ్ళు పెడల్స్ మీద పెట్టింది. చేతుల్లోకి ఆ పిల్ల బరువు వచ్చింది. చిన్నప్పటికంటే ఎంతో ఎక్కువ, అయినా అదే బరువు.

"నానమ్మా, ఈల వినబడగానే వదులు."

"వదులుతానమ్మా."

"నాకు చెప్పకు. చెబితే భయపడి తొక్కేస్తాను."

"చెప్పను."

మాస్టారు ఈల పెదవుల మధ్య పెట్టుకున్నాడు, మళ్ళీ తీసేశాడు. ముగింపు గీత మీదికి ఒక తోపుడు బండి వచ్చి నిలబడింది. బండివాడికి మొత్తం వీధి కలిసి దారి చెబుతోంది, అతనికి ఒక్కటీ అర్థం కావడం లేదు. అందరూ అటు చూస్తున్నారు.

అప్పుడు దర్జీ ఇంటి మేడ మీది వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది.

నానమ్మ చేతులు తెరుచుకున్నాయి.

తెరుచుకున్నాక గాని ఆమెకు తెలియలేదు. కారియర్ ఆమె అరచేతుల ముందు ఉంది, వాటిలో లేదు. మళ్ళీ పట్టుకుందామా? పట్టుకుంటే ఆ అదురుకే సైకిలు పడుతుంది. పిలుద్దామా? పిలిస్తే పిల్ల వెనక్కి తిరుగుతుంది. ఆమె చేతులు రెండూ గాల్లో అలాగే ఉంచి, ఊపిరి కూడా తియ్యకుండా నిలబడింది.

సైకిలు పడలేదు.

తొందర ముందుకు చూస్తూ కూర్చుని ఉంది. ఈల వేశాక కూడా నానమ్మ ఇంకాసేపు వదలదు, వెయ్యకముందే వదులుతుందని ఎవరనుకుంటారు? ఆ పిల్ల ఆ నమ్మకం మీదే కూర్చుంది. భుజాలు బిగుసుకోలేదు. ముందు చక్రం కొద్దిగా అటు, కొద్దిగా ఇటు. పాదం నొక్కీ నొక్కనట్టు నొక్కుతోంది. తండ్రి ఇన్నాళ్ళూ బల్ల మీంచి చెప్పిందంతా ఆ పిల్ల కాళ్ళు వాటంతట అవే చేస్తున్నాయి.

ముందుగా చూసింది దర్జీ. నోరు తెరుచుకుని చూశాడు. తరవాత పాలబూత్ అతను చూశాడు, తరవాత అరుగులు, తరవాత మేడలు. అలా అలా వీధంతా నోరు మూసుకుంది. తోపుడు బండివాడు కూడా ఏం జరిగిందోనని బండి పక్కకు తీసుకుని చూస్తూ నిలబడ్డాడు. అరుగు మీద కుర్చీలో ఉన్న తొందర తండ్రి మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, "చూడు, ఎలా నిలబెట్టిందో చూడు" అని భార్య చెవిలో అన్నాడు.

మాస్టారు ఇక ఆలస్యం చెయ్యలేదు, ఈల వేశాడు.

తక్కినవాళ్ళు వదిలారు. నానమ్మ దగ్గర వదలడానికేమీ లేదు. నాలుగు సైకిళ్ళూ వంకర్లు పోతూ ముందుకు పాకాయి. పోస్ట్‌మాన్ అలవాటు కొద్దీ సాఫీగా తొక్కి, ముందుగా వెళ్ళి గీత దాటి నవ్వాడు. పాలబూత్ అతను సున్నం తొక్కాడు. ఇక మిగిలింది తొందర, దర్జీ కొడుకు. ఇద్దరి మధ్యా జానెడు తేడా లేదు. అతను చెమటలు కక్కుతున్నాడు. ఆమె పెదవి కొరుక్కుంటోంది.

నానమ్మ మొదలు గీత దగ్గరే ఉంది, చేతులు ఇంకా గాల్లోనే. వీధి సగం దాటేసరికి తొందర భుజాలు మెల్లగా బిగుసుకోవడం ఆమెకు అంత దూరం నుంచీ కనిపించింది. ఇక తొక్కేస్తుంది. అయిపోయింది.

సరిగ్గా అప్పుడు ఆ పిల్ల ముందుకు చూస్తూనే, చిన్నప్పటి గొంతుతో అరిచింది. "నానమ్మా, వదల్లేదు కదా?"

నానమ్మ ఆలోచించలేదు. "వదల్లేదమ్మా, పట్టుకునే ఉన్నా" అని వీధి ఇటు చివర నుంచి గట్టిగా కేక వేసింది.

అరుగులు నవ్వాయి, మేడలు నవ్వాయి, మాస్టారు నోట్లోంచి ఈల జారిపడింది. దర్జీ కొడుకు నవ్వకూడదని పళ్ళు బిగించాడు. ముక్కులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. సైకిలు వణికింది. పొడుగు కాలు ఒకటి మెల్లగా దిగి నేలకు ఆనింది. తొందర మాత్రం భుజాలు వదులు చేసుకుని, నత్త కంటే నిదానంగా, ఇంకెవరూ లేని గీతల మధ్య ఒక్కతే తొక్కుకుంటూ వెళ్ళి గీత దాటింది.

దర్జీ పరుగున వచ్చాడు. "మాస్టారూ, ఆవిడ ఈలకు ముందే వదిలేసింది. నేను కళ్ళారా చూశాను."

"నేనూ చూశాను. ముందు వదిలితే ఎవరికండీ నష్టం? మీరు మీ అబ్బాయిని పట్టుకుని ఉన్నప్పుడు ఆ పిల్ల ఒక్కతే నిలబడింది."

"మరి మధ్యలో ఆ కేక?"

"అది అబద్ధం. అబద్ధానికి రూలు లేదు." ఆయన మేడ వంక చూశాడు. "ఆదివారం మూడు గంటలప్పుడు కుక్కర్ ఎందుకు పెట్టారో అది మీరు చెప్పండి."

మేడ మీంచి దర్జీ భార్య తొంగి చూసింది. "వాళ్ళ పందెం ఉందని మేం బంగాళాదుంపలు ఉడకేసుకోకూడదా ఏం?" అంది. కానీ ముఖం ఎర్రబడింది. కాసేపటికి ఒక గిన్నెలో అవే దుంపలు సైకిలు షాపుకు వచ్చాయి. వాటి పైన మూత కూడా పెట్టి పంపింది.

"నిజం చెప్పు నానమ్మా, ఎప్పుడు వదిలావు?" అని తొందర అడిగింది, బస్‌స్టాండుకు వెళ్ళే దారిలో.

"నీకెందుకు? గెలిచావుగా."

"అందరూ కుక్కర్ కుక్కర్ అంటున్నారు."

"వాళ్ళకేం తెలుసు. మందులు పెట్టుకున్నావా?"

"నేనే అంబులెన్సు నానమ్మా."

బస్సు అప్పటికే నిండిపోయింది. తొందర ఎక్కీ ఎక్కగానే కిటికీ పక్క సీటు పట్టుకుంది. నానమ్మ ఆ సంగతి గురించి చెప్పాల్సినవన్నీ చెప్పింది. కిటికీలోంచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. కప్పు ఎవరు తుడవాలో, నల్ల సైకిలుకు నూనె ఎప్పుడు వెయ్యాలో మాట్లాడుతూ ఉండిపోయింది. చెయ్యి వేడిగా ఉంది. ఇంకా చైను నూనె వదల్లేదు. కోడలు కొంచెం దూరంగా నిలబడి, ఇవాళ బస్సు కదిలినట్టే అని మొగుడి వంక చూసింది. కొడుకు కర్ర మీద ఆనుకుని నేల చూస్తున్నాడు.

వెనక మెట్టు మీంచి కండక్టరు ఈల వేశాడు.

నానమ్మ చేతులు రెండూ తెరుచుకున్నాయి.

తొందర ఆ చేతుల వంక చూసింది. అరుగుల మీదా మేడల మీదా ఇందాక అందరూ చూసింది, తను ఒక్కతే చూడనిది, ఇప్పుడు చూసింది. బస్సు మాత్రం కదల్లేదు. ముందు ఎవరో ఒక పెట్టెను బస్సు పైకి ఎక్కిస్తున్నారు, అది ఎక్కడం లేదు.

"ఇంకా కదల్లేదు నానమ్మా. పట్టుకో" అంది ఆ పిల్ల, చెయ్యి బయటకు చాపి.

నానమ్మ ఆ చెయ్యి చూసింది. తన చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

"ఈల వేసేశాడు కదమ్మా. ఇప్పుడు పట్టుకుంటే మనం ఔటు" అంది. ఆ వెంటనే, "చెయ్యి లోపల పెట్టుకో" అంది.

పెట్టె ఎక్కింది. బస్సు ఒకసారి కుదుపిచ్చి బయల్దేరింది, గేటు దగ్గర ఇంకో బండి అడ్డమొచ్చి మళ్ళీ నత్తలా పాకింది.

"డ్రైవరెవరో మన ఇంటివాడే" అన్నాడు కొడుకు.

మలుపు దగ్గర కిటికీలోంచి తల బయటకు వచ్చింది. ఏదో అరిచింది. ఆ రొదలో మాట వినబడలేదు, కానీ నానమ్మకు వినబడాల్సిన అవసరం లేకపోయింది. బస్‌స్టాండంతా తిరిగి చూసేలా జవాబు చెప్పింది. తరవాత, తల లోపలికి వెళ్ళిందో లేదో చూడమని కొడుకును తొందరపెట్టింది.